నలుపు తెలుపు లినో అచ్చు: పటం కట్టినాయన అంచులు కోసేశాడు, ఇప్పుడు ఏది పైన ఏది కింద?

బురుజు_నీడ
మా బామ్మర్ది బరోడాలో ప్రింట్‌మేకింగ్ చదువుతున్నాడు. మా గృహప్రవేశానికి వాళ్ల సీనియర్ చేసిన లినోకట్ (లినో షీటు చెక్కి, సిరా పూసి ఒత్తిన అచ్చు బొమ్మ) ఒకటి తెచ్చిచ్చాడు. అంతా నలుపు తెలుపే. త్రిభుజాలు, అరవృత్తాలు, పక్కపక్కనే సన్న పట్టీలు, మధ్యలో ఒక పెద్ద నల్ల చతురస్రం, దాని ఒక మూల విరిగినట్టు ఉంటుంది. బొమ్మ ఏందిరా అంటే "బొమ్మేం లేదు బావా, ఆకారాలే" అన్నాడు. సరే, నాకు నచ్చింది. కర్నూల్లో ఒక అంగడిలో పటం కట్టమని ఇచ్చాను. తెచ్చుకుని చూస్తే చుట్టూ ఉండాల్సిన తెల్ల అంచు లేదు! వాడి దగ్గరున్న రెడీమేడ్ ఫ్రేముకి సరిపోవాలని నాలుగు వైపులా కోసేశాడు. ఆ అంచు మీదే పెన్సిల్‌తో 4/12 అని, పక్కన సంతకం ఉండేవి. అడిగితే "పెన్సిల్ గీతలుంటే నీటుగా ఉండదని తీసేశా సార్" అంటాడు. పైగా హార్డ్‌బోర్డుకి ఫెవికాల్ పూసి అతికించాడు.

ఇంకో తలనొప్పి ఏందంటే అది పొడవు వెడల్పు సమానం. సంతకం లేదు కాబట్టి ఏది కిందో ఎవరికీ గుర్తు లేదు. ఇంట్లో నలుగురం నాలుగు దిక్కులు చెప్తున్నాం. మా అమ్మ అయితే ఎటు పెట్టినా చూస్తే కళ్లు తిరుగుతున్నాయి అంటుంది. బామ్మర్ది ఉగాదికి వస్తాడు. దాని విలువ పోయినట్టేనా? ఎటు తిప్పి పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంతకల్లు_జంక్షన్
ఫోటో పెట్టన్నా. పెట్టకముందే చెప్తున్నా, మా చిన్నాయన అయితే ఫోన్‌పే తీసి స్కాన్ చేస్తాడు.

బురుజు_నీడ
ఫోటో పెట్టాను. స్కాన్ చేయడం కూడా అయిపోయింది. మా ఆవిడకు చీటీ డబ్బులు కట్టడానికి వచ్చిన ఎదురింటాయన ఫోన్ ఎత్తి పట్టుకుని "నెట్ లేదామ్మా?" అన్నాడు.

కడప_నాపరాయి
దీనికింత టెన్షన్ ఎందుకప్పా. మా కడప ఏడు రోడ్ల దగ్గర ఏ ఫ్లెక్సీ షాపుకి పోయినా కుర్రోడు పది నిమిషాల్లో కంప్యూటర్లో గీసి ప్రింటు తీసిస్తాడు. కావాలంటే గోడంతా. ఆ సంతకం కూడా కలిపి కొట్టిస్తా, బామ్మర్ది గుర్తు పట్టడు.

తుంగభద్ర_గట్టు
పటాలు కట్టేవాళ్లతో ఇదొక బాధ. మా పదో తరగతి గ్రూపు ఫోటో ఇస్తే ఫ్రేముకి పట్టలేదని చివర నిలబడ్డ ఇద్దర్ని కోసేశారు. అందులో ఒకడిని నేనే.

గుంతకల్లు_జంక్షన్
గట్టన్నా 😂 ఆ ఫోటో ఇంకా గోడ మీదే ఉందా?

తుంగభద్ర_గట్టు
ఉంది. పిల్లలు అడిగితే "నేను ఆ రోజు రాలేదు" అని చెప్తున్నా.

డ్రాయింగ్_టీచరమ్మ
నాపరాయి అన్నా, కంప్యూటర్లో గీసిందీ చేత్తో చెక్కిందీ ఒకటి కాదు. లినో షీటంటే అవిసె నూనె, కార్కు పొడి కలిపి గోనెగుడ్డ మీద మందంగా పరిచిన షీటు. ఇంగ్లండులో 1860లలో ఇళ్లలో నేల మీద పరచడానికి తయారు చేశారు, తర్వాత బొమ్మలు చెక్కేవాళ్లు పట్టుకున్నారు. కర్రకున్నట్టు దానికి నార ఉండదు, కాబట్టి ఉలి ఎటు తోస్తే అటు పోతుంది. తెల్లగా రావాల్సిన చోటంతా సన్న ఉలితో, గుండ్రపు ఉలితో తవ్వెయ్యాలి. మిగిలిన మిట్టభాగం మీద రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి, ప్రెస్సుంటే ప్రెస్సులో పెట్టి, లేకపోతే గరిటె వీపుతో రుద్ది తీయాలి. చెక్కిందానికి ఎడమ కుడి తారుమారై పడుతుంది, అదంతా ముందే లెక్క వేసుకోవాలి. ఫోటోలో ఆ సన్న పట్టీలు చూశారా, నాలుగైదు మిల్లీమీటర్ల లోపే ఉన్నాయి. ఒక్క చోట ఉలి జారితే ఆ పట్టీ తెగిపోతుంది, తెగితే అతకదు.

ఇక 4/12 అంటే, పన్నెండు తీస్తే అందులో నాలుగోది. బొమ్మ కింద ఎడమ పక్క ఆ అంకె, నడుమ బొమ్మకు పేరుంటే పేరు, కుడి పక్క సంతకం, పెన్సిల్‌తోనే. కాబట్టి ఏది కింద అనేది ఆ వరసే చెప్తుంది. మీ అంగడాయన ఒక్క కోతతో ఊరూ పేరూ దిక్కూ మూడూ తీసేశాడు. మీరు ఇవాళే పోయి ఆ కోసిన ముక్కలు చెత్తలో ఉన్నాయేమో వెతకండి. రేపంటే ఊడ్చేస్తారు.

ఈశాన్యం
ఇంత నలుపు హాల్లో, అదీ తూర్పు గోడకా? నా మాట విని వెనక గదిలో పెట్టండి. మూల విరిగిన చతురస్రం అంటే స్థలం మూల తెగినట్టే లెక్క.

కడప_నాపరాయి
ఈశాన్యం సామీ, మా ఇంట్లో నేలంతా కడప నల్లబండలే, వంటింటి గట్టు కూడా. నలుపు చెడ్డదైతే మా జిల్లా సగం ఖాళీ కావాలి.

మదనపల్లి_టమాటా
ఏది పైన అనే గొడవ మీ ఇంట్లోనే కాదు, పెద్ద పెద్ద మ్యూజియంలే తప్పులో కాలేశాయి. 1961లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఫ్రెంచి చిత్రకారుడు మటీస్ చేసిన 'పడవ' అనే కాగితపు కత్తిరింపు బొమ్మ 47 రోజులు తలకిందులుగా వేలాడింది. వేల మంది చూసి మెచ్చుకుని పోయారు. చివరికి పట్టుకున్నది ఆ మ్యూజియం వాళ్లు కాదు, చూడ్డానికి వచ్చిన ఒకామె. మోండ్రియాన్ అనే చిత్రకారుడిది 'న్యూయార్క్ సిటీ 1' అని 1941 నాటిది, రంగు టేపులు అడ్డంగా నిలువుగా అంటించింది, 1945 నుంచీ అది తలకిందులుగానే ప్రదర్శనలో ఉందని 2022లో జర్మనీలో బయటపెట్టారు. ఇంకో సంగతి, తెలిసినాక కూడా తిప్పలేదు. ఇప్పుడు తిప్పితే ఆ పాత టేపులు ఊడి పడతాయని అట్లాగే ఉంచారు.

బురుజు_నీడ
టమాటా అన్నా, ఈ పోస్టు మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. ఇప్పుడు నలుగురూ "నాదే రైటు" అంటున్నారు.

ప్రొద్దుటూరు_ట్రెడిల్
మా నాయన ట్రెడిల్ మిషన్ (కాలితో తొక్కే అచ్చు యంత్రం) మీద పెళ్లి పత్రికలు, సినిమా కరపత్రాలు, ఎలక్షన్ పాంప్లెట్లు కొట్టేవాడు. నేను ఆ మిషన్ కింద చెక్కపెట్టె మీద నిద్రపోయి పెరిగినోణ్ని, కాబట్టి నాపరాయి చెప్పింది ఒప్పుకోను. టీచరమ్మ చెప్పింది కూడా పూర్తిగా ఒప్పుకోను.

ముందు నాపరాయికి. మిట్ట మీద సిరా పూసి ఒత్తిన అచ్చు ఎట్లుంటుందంటే, నల్ల భాగం చివరల్లో సిరా నెట్టుకొచ్చి సన్నటి గట్టు కడుతుంది. పటాన్ని కిటికీ పక్కకు తీసుకుపోయి ఏటవాలు వెలుతురులో చూడండి, అంచు దగ్గర కొంచెం ముదురుగా మెరుస్తుంది. తెల్ల భాగంలో అక్కడక్కడ సన్న నల్ల వెంట్రుకల్లాంటి గీతలుంటాయి. ఉలి తవ్వినప్పుడు పూర్తిగా పోని గీరలు అవి, రోలరు తగిలి సిరా అంటుకుంటుంది. ఉలి ఎటు నుంచి ఎటు పోయిందో కూడా వాటిని బట్టి తెలుస్తుంది. ఫ్లెక్సీలో ఇవేవీ రావు, అది నున్నగా ప్లాస్టిక్ మీద చుక్కలు చల్లినట్టే.

ఇప్పుడు టీచరమ్మకు. పన్నెండే తీశారు అంటే ఏదో గొప్పన్నట్టు రాశారు. మా వృత్తిలో ఎన్ని ఎక్కువ తీస్తే అంత కూలి. ఒక లినో దిమ్మ మీద జాగ్రత్తగా కొడితే వందలు తీయొచ్చు. ఇంకా తీయగలిగి కూడా పన్నెండుకే ఆపడం ధర పెంచడానికే కదా?

కడప_నాపరాయి
అదీ మాట! అసలు పన్నెండే తీశాడని గ్యారంటీ ఏంది? రాత్రి ఇంకో ముప్పై తీసుకున్నా అడిగేవాడెవరు?

డ్రాయింగ్_టీచరమ్మ
ట్రెడిల్ అన్నా, మీరన్నదాంట్లో నిజముంది. వందలు తీయొచ్చు. అసలు మన దేశంలో లినోని ఎత్తుకున్నదే ఎక్కువ మందికి చేరాలని. శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర గాంధీని చెక్కింది లినో మీదే, నల్లటి నేపథ్యంలో తెల్ల గీతల్లో కర్ర పట్టుకుని నడిచే ముసలాయన. అందరూ చూసే ఉంటారు, ఎవరు చేశారో తెలియకుండానే. బెంగాల్ చిత్రకారుడు చిత్తప్రసాద్ కూడా లినోలే చెక్కాడు, పేదల కోసం. అప్పుడు అంకెలకు పట్టింపు తక్కువ.

కానీ చేత్తో రుద్ది తీసేదానికీ ట్రెడిల్‌కీ పోలిక లేదు. ఇంత పెద్ద నల్ల చతురస్రం మచ్చ లేకుండా సమానంగా పడాలంటే రోలరు ఎన్నిసార్లు పోవాలో, రుద్దేసరికి భుజం పోతుంది. పిల్లవాడు హాస్టల్లో ఉండి పన్నెండు తీశాడంటే ధర కోసమే అనుకోను, సిరా కాగితం డబ్బులు అంతవరకే ఉండి ఉంటాయి. నాపరాయి అన్నా, గ్యారంటీ అంటే అయిపోయాక దిమ్మ మీద అడ్డంగా ఒక గీత చెక్కేస్తారు, ఆ తర్వాత తీసే ప్రతి కాపీలో ఆ గీత పడుతుంది. అందరూ చేయరు. చాలావరకు మనిషి మీద నమ్మకమే.

కడప_నాపరాయి
నమ్మకం మీద బండలు కూడా అమ్మలేం టీచరమ్మా ఈ రోజుల్లో.

చుక్కల_ముగ్గు
అందరూ మగవాళ్లే మాట్లాడుతున్నారు (టీచరమ్మ తప్ప), ముగ్గు సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నేలంతా మట్టి రంగు, మీద తెల్ల పిండి, చుక్కలు, గీతలు, చతురస్రాలు. మా జేజి ధనుర్మాసంలో వాకిలి నిండా వేసేది, పదిహేను చుక్కల నుంచి సరి చుక్క, మధ్య చుక్క అని రెండు రకాలు. అందులో ఏది పైన అని ఎవరూ అడగలేదు. ఇంట్లోంచి చూస్తే ఒకటి, వీధిలోంచి చూస్తే ఒకటి, రెండూ సరైనవే. మీ పటం కూడా నాలుగు నెలలకోసారి తిప్పి పెట్టుకోండి, గొడవ ఉండదు.

డ్రాయింగ్_టీచరమ్మ
ముగ్గక్కా, ఒప్పుకోను. ముగ్గు నాలుగు వైపులా ఒకేలా ఉండేటట్టు కట్టింది, అందుకే తిప్పినా చెడదు. ఈ బొమ్మ అట్లా లేదు, ఒక మూల మాత్రమే విరిగింది. విరిగిన మూల పైన ఉంటే చతురస్రం పైకి తెరుచుకున్నట్టుంటుంది, కింద ఉంటే కూలిపోతున్నట్టుంటుంది. బరువు మారిపోతుంది. ఫోన్లో తిప్పి చూడండి, మీకే తెలుస్తుంది.

చుక్కల_ముగ్గు
తిప్పి చూశాను. కింద ఉంటేనే బాగుంది నాకు 🙂 చేసినబ్బాయి ఒక దిక్కు అనుకుని ఉండొచ్చు. గోడ మాత్రం వీళ్లది.

నల్లమల_గాలి
లేపాక్షి లతామంటపం చూడండి ఎవరైనా. స్తంభాల మీద ఒక్కో పలకకు ఒక్కో డిజైన్, గళ్లు, తీగలు, వృత్తాల్లో వృత్తాలు, చీర అంచులకు నేతగాళ్లు ఇప్పటికీ అక్కణ్నుంచే తీసుకుంటారు. మన అనంతపురం జిల్లాలో ఐదు వందల ఏళ్ల కిందటే ఈ ఆకారాల పనంతా చేసేశారు, బరోడా పోవాల్సిన పని లేదు.

గుంతకల్లు_జంక్షన్
లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అన్నా, 2022 ఏప్రిల్ నుంచి.

నల్లమల_గాలి
జిల్లా మారింది గాని స్తంభాలు అక్కడే ఉన్నాయి కదా తమ్ముడూ.

మదనపల్లి_టమాటా
గాలి అన్నా, లేపాక్షి గొప్పే గానీ అది అలంకారం, గుడి కోసం చెక్కింది. ఆకారం తప్ప ఇంకేం వద్దు అని ఒక కాగితం మీద పెట్టడం వేరే తెగువ. మాలెవిచ్ అనే చిత్రకారుడు 1915లో పెట్రోగ్రాడ్‌లో తెల్ల నేపథ్యం మీద ఒట్టి నల్ల చతురస్రం పెట్టాడు, పైగా గది మూలలో, గోడ పైభాగాన, రష్యన్ ఇళ్లల్లో దేవుడి పటం పెట్టే చోట. మన ఈశాన్యం గారికి నచ్చే సంగతి.

బరోడా దాకా పోయాడు గాబట్టి చెప్తున్నా, అచ్చు బొమ్మల్లో ప్రపంచమంతా తెలిసిన మనిషి మన సీమ నుంచే పోయాడు. కృష్ణారెడ్డి, చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టాడు, శాంతినికేతన్‌లో ఆ నందలాల్ బోస్ దగ్గరే చదివాడు, తర్వాత పారిస్‌లో హేటర్ అనే ఆయన నడిపిన అటెలియె 17 అనే అచ్చు బొమ్మల కార్ఖానాలో పని చేశాడు. ఒకే లోహపు పలక మీద పలుచటి సిరా, చిక్కటి సిరా వేరువేరుగా పూస్తే ఒకదాంట్లో ఒకటి కలవకుండా అన్ని రంగులూ ఒకే ఒత్తుకి దిగుతాయి, ఆ పద్ధతిని అక్కడ పండించాడు. 1972లో పద్మశ్రీ. 2018లో న్యూయార్క్‌లో పోయాడు. మన ఊళ్లల్లో ఎంతమందికి తెలుసు?

ప్రొద్దుటూరు_ట్రెడిల్
నాకు తెలియదు. నూనె తక్కువ, నూనె ఎక్కువ సిరాలు ఒకదానికొకటి పట్టకపోవడం మాత్రం రోజూ చూసినదే, దాన్ని కళ చేసుకోవచ్చని మాకు తోచలేదు. ఆయన గురించి ఇంకా ఉంటే పెట్టు టమాటా.

నల్లమల_గాలి
ఆయనది రంగుల పని కదా, ఈ బ్లాక్ అండ్ వైట్‌కి సంబంధమేంది?

మదనపల్లి_టమాటా
సంబంధం లేదు, సీమ మనిషని చెప్పా అంతే. నలుపు తెలుపు ఆకారాలే కావాలంటే జరీనా హష్మీ అనే చిత్రకారిణి అచ్చులు చూడాలి. అలీగఢ్‌లో పుట్టి ఊరూరూ దేశదేశాలూ తిరిగినామె. 1999లో 36 చెక్క అచ్చులు ఒక వరసగా చేసింది, ఒక్కోదాని కింద ఒక ఉర్దూ మాట, గడప, గోడ, దారి, ఇట్లాంటివి. పైన గీతలు, గళ్లు మాత్రమే. ఇల్లు పోగొట్టుకున్న మనిషి ఇంటి ప్లాను గుర్తు తెచ్చుకున్నట్టు ఉంటాయి. అందుకే "బొమ్మేం లేదు, ఆకారాలే" అన్నంత మాత్రాన అందులో ఏమీ లేదనుకోకండి.

కంటి_అద్దాలు
అమ్మగారి కళ్లు తిరగడం గురించి ఎవరూ పట్టించుకోలేదు. నాది అనంతపురంలో కళ్లజోళ్ల అంగడి, కొంచెం తెలిసినది చెప్తా. మనం కదలకుండా చూస్తున్నాం అనుకున్నా కంటిగుడ్డు ఎప్పుడూ సన్నగా కదులుతూనే ఉంటుంది. తెల్లగోడ మీద అయితే తెలియదు. నలుపు తెలుపు పట్టీలు ఒకే వెడల్పుతో దగ్గరదగ్గరగా ఉంటే ఆ చిన్న కదలికకే గీతలు వణికినట్టు, మెరిసినట్టు కనిపిస్తాయి. తలలో మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది. బ్రిడ్జెట్ రైలీ అని ఇంగ్లండు చిత్రకారిణి 1961 నుంచి కొన్నేళ్లు నలుపు తెలుపులోనే ఈ పనే చేసింది, గళ్లను ఒక పక్కకు సన్నం చేస్తూ పోతే కాగితం మడత పడినట్టు కనిపిస్తుంది. 1965లో న్యూయార్క్‌లో ఇట్లాంటివన్నీ కలిపి పెద్ద ప్రదర్శన పెడితే జనానికి కళ్లు తిరిగాయని అప్పుడే రాశారు. కాబట్టి అమ్మగారు అబద్ధం చెప్పట్లేదు, బొమ్మ బాగా పనిచేస్తోందని అర్థం.

ఎదురుగా కుర్చీ వేసుకుని టీవీ చూసే గోడకి పెట్టకండి. వరండా దారిలోనో, మెట్ల దగ్గరో పెడితే దాటుకుంటూ పోయేటప్పుడు చూస్తాం, ఇబ్బంది ఉండదు. దూరం పెరిగేకొద్దీ ఆ వణుకు మారుతుంది, రెండు మూడు చోట్ల నిలబెట్టి అమ్మగారినే అడగండి.

గుంతకల్లు_జంక్షన్
మా స్కూల్లో నల్లగళ్ల మధ్య తెల్లదారులు ఉండే చార్టు ఉండేది, దారులు కలిసే చోట బూడిద రంగు చుక్కలు కనపడి మాయమైపోయేవి. అదీ ఇదేనా సార్?

కంటి_అద్దాలు
ఆ చార్టు దీనికి అన్నలాంటిది. హెర్మన్ అనే జర్మనీ ఆయన 1870లో దాని గురించి రాశాడు. సూటిగా ఏ కూడలినైతే చూస్తామో అక్కడ చుక్క ఉండదు, పక్క కూడళ్లలోనే ఉంటుంది.

ఈశాన్యం
మెట్ల దగ్గర అన్నారు కాబట్టి ఇంక నాకు అభ్యంతరం లేదు.

బురుజు_నీడ
కొత్త సంగతి. టీచరమ్మ చెప్పినట్టే అంగడికి పోయాను. చెత్తలో లేవు. ఆయన "పోయినవి పోయాయి సార్" అని చేతులు తిప్పేశాడు. వచ్చేద్దామనుకుంటుంటే బల్ల మీద బిల్లులు గుచ్చే ఇనుప సూది కనిపించింది. దాన్నిండా చీటీలు. మంచి మందం కాగితం కదా, పనిచేసే అబ్బాయి మా అంచు ముక్కల వెనకవైపు వేరేవాళ్ల ఫ్రేము కొలతలు రాసుకుని గుచ్చిపెట్టుకున్నాడు! రెండు ముక్కలు దొరికాయి. ఒకదాని మీద 4/12, సంతకం, సంతకం పక్కన సంవత్సరం. నడుమ సూది చేసిన బొక్క. వెనకవైపు "వెంకటేశ్వరస్వామి 18 24 గోల్డు బీడింగ్ అడ్వాన్సు ముట్టింది" అని బాల్‌పెన్నుతో.

తుంగభద్ర_గట్టు
అడ్వాన్సు ముట్టింది 😂😂 ఆ సూది మీద మా ఫోటో ముక్క కూడా ఉందేమో చూడాల్సింది అన్నా.

చుక్కల_ముగ్గు
స్వామివారి చీటీ వెనక కాబట్టే దొరికింది. ఈశాన్యం గారు ఏమంటారో 🙂

ప్రొద్దుటూరు_ట్రెడిల్
ముక్క దొరికింది, మంచిది. కానీ నాలుగు వైపులూ సమానం కదా, అది ఏ వైపుదో ఎట్లా చెప్తావు? కోత గీతను పక్కన పెట్టి చూడు. బ్లేడు తిన్నగా పోయి ఉండదు, ఎక్కడో వంకర ఉంటుంది. లేకపోతే కాగితం మీద సిరా మరక ఏదైనా కోతకు అటూ ఇటూ పడి ఉంటుంది. చేత్తో తీసే అచ్చుల్లో అంచు మీద వేలి ముద్ర లేకుండా ఉండటం కష్టం.

బురుజు_నీడ
ట్రెడిల్ అన్నా నీకు దండం. ముక్క పైచివర సన్నగా అరచంద్రంలా నల్లమరక ఉంది. ఫ్రేము విప్పి నాలుగు వైపులా పెట్టి చూశాను. ఒక వైపు సరిగ్గా అతుక్కుంది, మిగతా సగం మరక బొమ్మ అంచు మీద ఉంది, రెండూ కలిస్తే బొటనవేలు. చేసినబ్బాయిదే అయి ఉంటుంది.

ఇంక తీర్పు: విరిగిన మూల పైన, కుడి వైపు. మా ఇంట్లో నలుగురిలో ఆ దిక్కు చెప్పింది మా చిన్నది ఒక్కతే, దానికి ఎనిమిదేళ్లు. ఎందుకు అట్లా అనిపించిందంటే "అక్కణ్నుంచి గాలి వస్తుంది కదా" అంది.

డ్రాయింగ్_టీచరమ్మ
పాపను నా క్లాసుకు పంపండి.

ఇప్పుడు జాగ్రత్త. ఆ ముక్కను సెల్లోటేపుతో అతికించకండి. రెండేళ్లలో పసుపు పచ్చగా మారి జిగురు కాగితంలోకి దిగిపోతుంది, ఇక ఎవరూ తీయలేరు. ఫెవికాల్ వేసి హార్డ్‌బోర్డుకి అతికించిన అసలు కాగితాన్ని కూడా మీరు లాగే ప్రయత్నం చేయొద్దు, చిరుగుతుంది. ముక్కను పలుచటి ప్లాస్టిక్ కవరులో పెట్టి పటం వెనక తగిలించండి. బామ్మర్ది వచ్చాక వాళ్ల డిపార్టుమెంటులో కాగితం బాగుచేయడం తెలిసినవాళ్లు ఉంటే వాళ్లే చూస్తారు, వాళ్లు వాడేది గోధుమ పిండి జిగురు, తడిపితే మళ్లీ ఊడొస్తుంది. తిరిగి పటం కట్టేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు (అద్దం తగలకుండా చుట్టూ పెట్టే మందం అట్ట) ఉండాలని గట్టిగా చెప్పండి. అద్దం నేరుగా తగిలితే మన ఎండకీ తేమకీ సిరా దానికే అంటుకుంటుంది.

కడప_నాపరాయి
అంతా బాగుంది గానీ అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. విలువ పోయిందా లేదా?

మదనపల్లి_టమాటా
అమ్మితే తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. అంచు కోసిన అచ్చు అని చెప్పే అమ్మాలి. కానీ చరిత్ర చూస్తే, పెన్సిల్‌తో సంతకం చేయడమే కొత్త అలవాటు. విస్లర్ లాంటి చిత్రకారులు 1880ల్లో మొదలుపెట్టాక అందరూ పట్టుకున్నారు. 1528లో చనిపోయిన జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ తన పేరులోని రెండక్షరాలు బొమ్మలోనే చెక్కేసేవాడు. అప్పటి అచ్చులు చాలావాటికి ఇప్పుడు అంచులే లేవు, వందల ఏళ్లలో ఎవరెవరో ఆల్బంలో పట్టించుకోవడానికి కోసేశారు. అయినా మ్యూజియంలలో ఉన్నాయి.

ప్రొద్దుటూరు_ట్రెడిల్
అంటే పటాలు కట్టేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఇంతే.

బురుజు_నీడ
అమ్మే ఉద్దేశం లేదు. బామ్మర్దికి ఫోన్ చేసి జరిగింది చెప్పేశాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ సూది బొక్క ఫోటో పంపమన్నాడు, వాళ్ల సీనియర్‌కు చూపించాలంట. ఆ సీనియర్ నవ్వి ఆ చీటీ ముక్క తనకే కావాలన్నాడంట, బదులుగా ఇంకొకటి ఇస్తానన్నాడు. మా ఆవిడ ఇవ్వనంటోంది.

చుక్కల_ముగ్గు
ఇవ్వొద్దని చెప్పండి. కావాలంటే ఆయన్నే ఇంటికి వచ్చి చూసుకోమనండి, పాపతో కూడా మాట్లాడతాడు.

నల్లమల_గాలి
అమ్మ ఒప్పుకుందా కొత్త దిక్కుకి?

బురుజు_నీడ
మెట్ల గోడకి పెట్టాం. అమ్మ ఆ పక్క చూడకుండా ఎక్కుతోంది.

కడప_నాపరాయి
టీచరమ్మా, వేరే సంగతి. మా వాడు తొమ్మిదో తరగతి, ఈ పోస్టులన్నీ నా ఫోన్లో చదివి లినో కొనివ్వమంటున్నాడు. కడపలో ఎక్కడ దొరుకుతుంది? ఖర్చు ఎక్కువా?

డ్రాయింగ్_టీచరమ్మ
బొమ్మల సామాన్లు అమ్మే అంగట్లో చెప్తే తెప్పిస్తారు, చిన్న షీటు పెద్ద ఖర్చేం కాదు. మొదట పాత హవాయి చెప్పు అట్ట మీద చెక్కించండి, చెయ్యి అలవాటవుతుంది. లినో చలికాలంలో గట్టిపడి ఉలి దిగదు, చల్లటి ఊళ్లల్లో ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తారు. మీకు ఆ అవసరం లేదు, మీ నల్లబండ మీద పది నిమిషాలు ఎండలో పెడితే వెన్నలా అవుతుంది. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి, ముందు పెట్టకూడదు. ఇది రోజూ చెప్పాలి, వినరు. మొదటి అచ్చు తీశాక ఫోటో ఇక్కడే పెట్టండి.

గుంతకల్లు_జంక్షన్
పటం మాత్రం కర్నూల్లో కట్టించొద్దు నాపరాయన్నా.